చేతి గేరు, కాలి క్లచ్: కట్టినవాడి పేరేది?

మోటారుసైకిలుకి గేరు ఎక్కడుంటుంది అని ఎవర్నడిగినా కాలి దగ్గర అంటారు. క్లచ్ ఎక్కడంటే ఎడమచేతి పిడి దగ్గర అంటారు. మనం పుట్టి పెరిగిన కాలమంతా ఇదే చూశాం కాబట్టి ఇది ఎప్పుడూ ఇలాగే ఉందనిపిస్తుంది. కానీ ఒకప్పుడు అమెరికా బండ్లలో ఇది సరిగ్గా తలకిందులు. గేరు చేతికి, క్లచ్ కాలికి. పెట్రోలు ట్యాంకు పక్కన కారు గేరు రాడ్డులాంటి ఇనప కడ్డీ ఒకటి నిలబడి ఉండేది. ఎడమకాలి కింద క్లచ్ పలక ఉండేది. ఇప్పుడు ఆ ఏర్పాటు మ్యూజియాల్లో కనిపిస్తుంది. లేదా డబ్బున్నవాళ్లు ముచ్చటపడి ప్రత్యేకంగా కట్టించుకునే బండ్లలో కనిపిస్తుంది.

ముస్లిం అస్తిత్వం గురించి రాసే పుస్తకంలో ఈ బండికి చోటెందుకు అని పాఠకులు అడగొచ్చు. అస్తిత్వం అనగానే మనం భాష గురించి మాట్లాడతాం. మతం గురించి, పేరు గురించి, తిండి గురించి, దర్గాల గురించి, పీర్ల పండగ గురించి మాట్లాడతాం. ఇవన్నీ మాట్లాడాల్సినవే. కానీ చేతుల గురించి తక్కువ మాట్లాడతాం. ఏ జనం చేతులు ఏ పని చేస్తూ వచ్చాయి, ఆ పని ఎందుకు వాళ్లకే మిగిలింది, చివరికి ఆ పని మీద ఎవరి పేరు నిలిచింది అనే ప్రశ్నలు కూడా అస్తిత్వ ప్రశ్నలే. ఈ ప్రశ్నల్ని మన గ్యారేజీల్లో వేసుకునే ముందు, చాలా దూరంలో ఇదే ప్రశ్నకు ఇరవై అయిదేళ్లకు పైగా జవాబు దొరకని ఒక ఉదంతం చెప్పాలనుకుంటున్నాం. అది అమెరికా నల్లజాతివాళ్లది. 'ఏడు తరాలు' తెలుగులో చదివిన పాఠకులకు ఆ జనం కొత్తకాదు.

ముందు ఆ బండి సంగతి కాస్త తెలుసుకోవాలి. చేతి గేరు మనకూ తెలిసిందే. బజాజ్ చేతక్ నడిపినవాళ్లు ఎడమచేతి పిడి తిప్పి గేరు వేసినవాళ్లే. ఆటో తోలేవాళ్లదీ అదే అలవాటు. కానీ వాటిలో క్లచ్ కూడా ఆ చేతిలోనే ఉంటుంది, పిడి నొక్కిపట్టి తిప్పితే గేరు పడుతుంది. చెయ్యి హ్యాండిల్ వదలాల్సిన అవసరం లేదు. పాత అమెరికా బండ్లలో అలా కాదు. మొదటి మోటారుసైకిళ్లకు అసలు గేర్లే లేవు, ఇంజను నుంచి చక్రానికి నేరుగా బెల్టు. తర్వాత గేరుపెట్టె వచ్చినప్పుడు దాన్ని కారులో ఉన్నట్టే చేతి కడ్డీతో, కాలి క్లచ్‌తో నడిపే పద్ధతి అక్కడ స్థిరపడింది. మిల్వాకీలో 1903లో మొదలైన హార్లీ డేవిడ్‌సన్ కంపెనీ బండికి గేరు కడ్డీ ట్యాంకుకి ఎడమవైపు. స్ప్రింగ్‌ఫీల్డులో తయారైన 'ఇండియన్' అనే బండికి అది కుడివైపు ఉండేది, యాక్సిలరేటరేమో ఎడమచేతికి ఉండేది. ఒక బండి నేర్చినవాడు రెండోదాని మీద మళ్లీ మొదట్నుంచి నేర్చుకోవాల్సిందే.

ఐరోపాలో పద్ధతి ముందే మారింది. 1920ల చివర్లో ఇంగ్లండులో వెలోసెట్ కంపెనీ వాళ్లు కాలితో ఒక్కసారి తొక్కితే ఒక్క గేరు మాత్రమే పడి, పెడలు మళ్లీ తన చోటికి వచ్చే ఏర్పాటు చేశారు. పందేల్లో హ్యాండిల్ మీంచి చెయ్యి తీయకుండా గేరు మార్చగలగడం పెద్ద లాభం. క్రమంగా అందరూ ఆ దారి పట్టారు. హార్లీ తన పెద్ద బండ్లకు కాలి గేరు, చేతి క్లచ్ ఇవ్వడం మొదలుపెట్టింది 1952లో. ఇండియన్ కంపెనీ 1953లో తయారీ ఆపేసింది. 1970ల మధ్యలో అమెరికా ప్రభుత్వం గేరు ఎడమకాలికే ఉండాలని నియమం చేసేసరికి పాత పద్ధతి కథ ముగిసింది. కంపెనీల చరిత్రలో అయితే ఇంతే. కంపెనీ వదిలేసిన వస్తువు బజార్లో ఇంకో జీవితం మొదలుపెడుతుంది. అసలు చరిత్ర అక్కడుంది.

రెండో ప్రపంచయుద్ధంలో హార్లీ కంపెనీ డబ్ల్యుఎల్ఏ అనే సైనిక బండినీ, కెనడా సైన్యం కోసం దాని సోదర బండినీ కలిపి సుమారు 90,000 చేసింది. 740 సీసీ ఇంజను, మూడు గేర్లు, చేతి కడ్డీ, కాలి క్లచ్. యుద్ధం ముగిశాక ఇవి మిగులు సరుకయ్యాయి. ఇంకోపక్క పోలీసు శాఖలు పాతబడ్డ బండ్లను ఎప్పటికప్పుడు వేలం వేసేవి. కొత్త బండి కొనలేనివాళ్లు ఈ వేలాలకు వెళ్లారు. తెచ్చుకున్న బండి బరువు తగ్గించడానికి మడ్‌గార్డులు కోశారు, అక్కర్లేని ఇనుమంతా పీకేశారు. తర్వాత్తర్వాత చాసిస్ మెడ కోసి కోణం మార్చారు. ముందు ఫోర్కు పొడుగు చేశారు. హ్యాండిల్ ఎత్తు చేశారు. కోసి చేసిన బండి కాబట్టి దానికి 'చాపర్' అని పేరొచ్చింది.

ఈ పని నల్లవాళ్లే కనిపెట్టారని మేము అనడం లేదు. తెల్ల కుర్రాళ్లు చేశారు, మెక్సికన్ కుర్రాళ్లు చేశారు, యుద్ధం నుంచి తిరిగొచ్చిన సైనికులు చేశారు. కానీ పత్రికలూ సినిమాలూ చాపర్ కథ చెప్పినప్పుడు అందులో తెల్ల మొహాలే మిగిలాయి. మిగిలినవాళ్లు ఏమయ్యారన్నది మా ప్రశ్న.

వాళ్లు లేక కాదు. మోటారుసైకిలుదారుల జాతీయ సంఘం, అమెరికన్ మోటారుసైక్లిస్ట్ అసోసియేషన్, 1950ల దాకా నల్లవాళ్లకు సభ్యత్వమే ఇవ్వలేదు. ఆ రోజుల్లోనే బెస్సీ స్ట్రింగ్‌ఫీల్డ్ అనే నల్ల స్త్రీ దేశమంతా ఒంటరిగా బండి మీద తిరిగింది. ఆమె నడిపిన ఆ కాలపు ఇండియన్, హార్లీ బండ్లు ఈ చేతి గేరు బండ్లే. హోటళ్లలో గది ఇవ్వకపోతే పెట్రోలు బంకు దగ్గర బండి మీదే పడుకున్నానని చెప్పుకుంది. 1993లో చనిపోయింది. హాల్ ఆఫ్ ఫేమ్‌లో ఆమె పేరు చేర్చింది 2002లో. కాలిఫోర్నియాలోని ఓక్లండులో టోబీ జీన్ లెవింగ్‌స్టన్ 1959లో 'ఈస్ట్ బే డ్రాగన్స్' అనే నల్లవాళ్ల సంఘం పెట్టాడు. కార్లతో మొదలై హార్లీలకు మారింది. ఆ సంఘం కథని ఆయన తన మాటల్లో పుస్తకంగా తెచ్చింది 2003లో. అంటే నలభై నాలుగేళ్ల తర్వాత. తమ కథ తాము రాసుకునేదాకా రాసేవాళ్లు రాలేదు.

ఇప్పుడు లాస్ ఏంజిలిస్ సంగతి. ఆ నగరం దక్షిణ భాగంలో, వాట్స్ ప్రాంతంలో, నల్లవాళ్ల బస్తీలున్నాయి. 1965 ఆగస్టు 11న అక్కడ ఒక నల్ల యువకుణ్ణి మోటారుసైకిలు పోలీసు ఆపాడు. తాగి నడుపుతున్నావన్నాడు. జనం మూగారు, మాటా మాటా పెరిగింది. ఆరు రోజులు వాట్స్ తగలబడింది. 34 మంది చచ్చిపోయారు. పోలీసు మోటారుసైకిలు ఆ బస్తీవాళ్లకు ఏమిటో దీన్ని బట్టి అర్థం చేసుకోవచ్చు. ఆపేది, అడిగేది, పట్టుకెళ్లేది. అదే పోలీసు బండి పాతబడి వేలానికొచ్చాక అదే ప్రాంతంలోని షెడ్డులోకి చేరేది. అక్కడ దాన్ని విప్పి, కోసి, మళ్లీ కట్టేవాళ్లు.

ఆ కట్టేవాళ్లలో పేరున్న ఉస్తాదు బెన్ హార్డీ. దక్షిణ లాస్ ఏంజిలిస్‌లో ఆయన షాపు. చుట్టుపక్కల నల్ల కుర్రాళ్లు ఆయన దగ్గరే బండ్లు కట్టించుకునేవాళ్లు, పని నేర్చుకునేవాళ్లు. ఆయన దగ్గరికి చేరినవాడే క్లిఫ్ వాస్. 1937లో బోస్టన్లో పుట్టాడు. నల్లవాళ్ల పౌరహక్కుల కోసం దక్షిణాదిలో పనిచేసిన విద్యార్థుల సంఘం, ఎస్ఎన్‌సీసీలో ఫొటోగ్రాఫర్‌గా తిరిగాడు. 1964లో మేరీలాండు రాష్ట్రం కేంబ్రిడ్జి పట్నంలో నేషనల్ గార్డు సైనికులు ఆయన్ని లాక్కుపోతున్న ఫొటో ఒకటుంది. తోటి ఫొటోగ్రాఫర్ డానీ లయన్ తీశాడు. ఉద్యమ చరిత్రలో బాగా తెలిసిన ఫొటో అది. తర్వాత లాస్ ఏంజిలిస్‌లో రేడియోకి వార్తలు చేస్తున్నప్పుడు నటుడు పీటర్ ఫోండాతో పరిచయమైంది.

ఫోండా, డెన్నిస్ హాపర్ కలిసి తీసిన 'ఈజీ రైడర్' 1969లో వచ్చింది. ఇద్దరు యువకులు చాపర్ల మీద దేశం దాటడం దాని కథ. దాదాపు నాలుగు లక్షల డాలర్లతో తీస్తే కోట్ల డాలర్లు వచ్చాయి. అందులో ఫోండా నడిపిన బండి పేరు 'కెప్టెన్ అమెరికా', ట్యాంకు మీద అమెరికా జెండా. ప్రపంచంలో బాగా పేరు మోసిన మోటారుసైకిలు ఏదని అడిగితే చాలామంది దాన్నే చెబుతారు. ఆ బండ్లను వాస్ పూనుకుని, హార్డీ షాపులో కట్టించాడు. 1949, 1952 మధ్య తయారై పోలీసులు వాడి వదిలేసిన హార్లీలను వేలంలో కొని వాటిమీద ఈ పని చేశారు. చేతి గేరు పోయి కాలి గేరు వస్తున్న సంధికాలపు బండ్లవి. లారీ మార్కస్ అనే తెల్ల మెకానిక్కు కూడా పని పంచుకున్నాడు. డిజైను ఎవరి ఊహ అన్నచోట ఫోండా మాట ఒకటి, వాస్ మాట ఇంకొకటి. కట్టిన చేతులు ఎవరివన్న దాంట్లో మాత్రం వివాదం లేదు.

సినిమా టైటిల్సులో హార్డీ పేరు లేదు. వాస్ పేరు లేదు. సినిమా మధ్యలోనే వాస్‌ని పనిలోంచి తీసేశారు. సినిమాలో బండి నడిపే నల్లమనిషి ఒక్కడూ కనపడడు. దాన్ని చూసి ప్రపంచమంతా చాపర్లు కట్టుకుంది. దానిమీద పత్రికలు నడిచాయి, పరిశ్రమ పెరిగింది. హార్డీ 1994లో చనిపోయాడు. తన బస్తీలో అందరికీ తెలుసు, బయట దాదాపు ఎవరికీ తెలియదు. 2014లో పాల్ డోర్లియాన్ రాసిన చాపర్ల చరిత్ర పుస్తకం, అదే ఏడాది అమెరికా పబ్లిక్ రేడియో చేసిన కథనం వచ్చాక గానీ వీళ్లిద్దరి పేర్లు ఎక్కువమందికి వినపడలేదు. వాస్ ఆ గుర్తింపుని కళ్లారా చూసి 2016లో చనిపోయాడు. అదే 2014లో, అసలు కెప్టెన్ అమెరికా బండి ఇదేనంటూ ఒకదాన్ని వేలం వేస్తే 13 లక్షల 50 వేల డాలర్లు పలికింది. అది అసలుదేనా అని పెద్ద తగాదా కూడా జరిగింది. బండి అసలుదా నకిలీదా అని అంత శ్రద్ధగా విచారించిన బజారు, కట్టినవాడెవడని మాత్రం నలభై ఏళ్లు అడగలేదు.

ఇదంతా ఎవరో కావాలని కూర్చుని చేసిన కుట్రే అనుకోనక్కర్లేదు. పేరు తుడిచెయ్యడానికి కుట్ర అవసరం లేదు. రాయకపోతే చాలు. మెకానిక్కు చేసింది 'పని', హీరో నడిపింది 'చరిత్ర' అనుకుంటే చాలు.

చేతి గేరు సంగతీ అంతే. ఆ బండ్లను కట్టుకున్నవాళ్లు చాలామంది దాన్ని ముచ్చటపడి పెట్టుకోలేదు. వేలంలో చవగ్గా దొరికిన బండికి అదే ఉంది. దాన్ని కాలి గేరుకి మార్చాలంటే మళ్లీ ఖర్చు. గేరు మార్చే ఏర్పాటంతా ట్యాంకు దాకా లాక్కురావడం కూడా దండగనుకుని, కొందరు కడ్డీని నేరుగా గేరుపెట్టెకే బిగించారు. అప్పుడు గేరు వేయాలంటే ఎడమచెయ్యి తొడ పక్క నుంచి వెనక్కి పోవాలి. గుర్రప్పందెంలో జాకీ వెనక్కి చెయ్యిపెట్టి కొరడా కొట్టినట్టుంటుందని దాన్ని 'జాకీ షిఫ్ట్' అన్నారు. కంపెనీ ఇచ్చిన క్లచ్ పలక మడమకీ మునివేళ్లకీ మధ్య ఊగే రకం, వదిలినచోటే నిలబడుతుంది. కాలు తీసి నేల మీద పెట్టొచ్చు. దాని బదులు స్ప్రింగు పెడలు పెడితే కాలు తీసిన మరుక్షణం క్లచ్ పట్టుకుంటుంది, బండి ముందుకు దూకుతుంది. అందుకే దానికి 'సూసైడ్ క్లచ్' అని పేరు పెట్టారు.

ఈనాడు అదే ఏర్పాటుని డబ్బిచ్చి పెట్టించుకుంటున్నారు. కాలి గేరు, చేతి క్లచ్ ఉన్న బండి తెచ్చి దాన్ని వెనక్కి మార్చుతారు. ఆ పని ఎలా చేస్తారో చెబితే చేతుల విలువ తెలుస్తుంది. హ్యాండిల్ మీది క్లచ్ లివరు, కేబులు తీసేస్తారు. ఎడమవైపు కాలి గేరు ఉన్నచోట బుష్ వేసి కొత్త పెడలు నిలబెడతారు. పెడలు నుంచి గేరుపెట్టె దగ్గరి క్లచ్ ఆర్ముకి ఇనప రాడ్డు, రెండు చివర్లా పిన్నులు. ఇక్కడ లెక్క ముఖ్యం. పెడలు పొడుగెంత, ఆర్ము పొడుగెంత అన్నదాన్ని బట్టి కాలు ఎంత తొక్కితే లోపల ప్లేట్లు ఎంత విడిపోతాయో తేలుతుంది. తక్కువ విడిపోతే ప్లేట్లు రాసుకుంటాయి, గేరు పళ్లు కరకరమంటాయి, న్యూట్రల్ దొరకదు. మరీ బిగిస్తే క్లచ్ పూర్తిగా పట్టదు, జారి కాలిపోతుంది. పెడలు మొదట కాస్త ఖాళీగా ఆడాలి, ఆ తర్వాతే పని మొదలవ్వాలి. ఆ ఖాళీ ఎంత ఉండాలో కొలతల పట్టికలో ఉంటుంది కానీ, కట్టేవాడు చివరికి తేల్చుకునేది కాలితో తొక్కి చూసే.

గేరు కడ్డీని పెట్టె మీది ఆర్ముకి బిగించాలి. గేరుపెట్టె రకాన్ని బట్టి అది రెండు తీరుల్లో పనిచేస్తుంది. పాత చేతి గేరు పెట్టె అయితే ఒక్కో గేరుకి కడ్డీ ఒక్కో చోట నిలుస్తుంది, ఏ గేరులో ఉన్నామో కంటికి కనపడుతుంది. కాలి గేరు కోసం చేసిన పెట్టె అయితే కడ్డీ ముందుకో వెనక్కో కొట్టిన ప్రతిసారీ మధ్యకు వస్తుంది, ఏ గేరో మనసులో లెక్కపెట్టుకోవాలి. కడ్డీ వదులుగా ఉంటే దెబ్బ సగమే తగిలి గేరు మధ్యలో నిలిచిపోతుంది. వెల్డింగు సరిగా లేకపోతే నడిరోడ్డు మీద కడ్డీ చేతికొస్తుంది.

నడపడం ఇంకో విద్య. గేరు మార్చిన ప్రతిసారీ ఎడమచెయ్యి హ్యాండిల్ వదులుతుంది. ఒంటిచేత్తోనే బండి తిప్పాలి, యాక్సిలరేటరు చూసుకోవాలి. అసలు పరీక్ష చడావు మీద సిగ్నలు పడినప్పుడు. కుడికాలు వెనక బ్రేకు మీద, ఎడమకాలు క్లచ్ మీద. నేల మీద ఏ కాలు పెట్టాలి? ముందు చక్రానికి చేతి బ్రేకు ఉంటే కుడికాలు కిందపెట్టొచ్చు. అందంగా ఉండదని ఆ బ్రేకే తీసేసిన చాపర్లు చాలా ఉన్నాయి. అలాంటప్పుడు ఆగకముందే న్యూట్రల్లోకి తెచ్చుకోవాలి. తెచ్చుకోలేకపోతే పడిపోవాలి, లేదా ముందున్న కారుకి గుద్దుకోవాలి. మన దేశంలో అయితే ఇలాంటి మార్పు చట్టం ఒప్పదు. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం కంపెనీ ఇచ్చిన నిర్మాణాన్ని మార్చకూడదు. 2019లో సుప్రీంకోర్టు కూడా ఆ మాటే గట్టిగా చెప్పింది.

కానీ ఆ చట్టానికి చాలా ముందే ఇవే బండ్లు మన దేశంలో ఇంకో అవతారం ఎత్తాయి. 1947 విభజన ఢిల్లీ నుంచి ఎంతోమంది ముస్లిం కారీగర్లను వెళ్లగొట్టింది. అదే విభజన పంజాబు నుంచి సిక్కు, హిందూ కాందిశీకులను ఢిల్లీలో దింపింది. బతుకుతెరువు కోసం వాళ్లలో కొందరు యుద్ధపు మిగులు మోటారుసైకిళ్లు కొన్నారు. వెనక చక్రం తీసేసి, రెండు చక్రాల ఇరుసు వేసి, దానిమీద బల్లలు, పైకప్పు కట్టారు. ఆరుగురు, ఎనిమిదిమంది కూర్చునేవాళ్లు. కనాట్ ప్లేసు నుంచి చాందినీ చౌక్, కరోల్ బాగ్ వైపు దశాబ్దాలు తిరిగాయి. ఆ చప్పుడుని బట్టి వాటిని 'ఫట్‌ఫటీ' అన్నారు. దక్కనీ మాట్లాడే మా ఇళ్లలో పెద్దవాళ్లు మోటారుసైకిలుని ఇప్పటికీ ఆ మాటతోనే పిలుస్తారు. అసలు ఇంజన్లకు సామాను దొరక్కపోతే కొన్నింటికి డీజిల్ ఇంజన్లు తగిలించారు. 1990ల చివర్లో కాలుష్యం మీద వచ్చిన ఉత్తర్వులతో అవి ఆగిపోయాయి. అమెరికాలో అయితే ఇలాంటి ముందు భాగాన్ని ఇవాళ అద్దాల పెట్టెలో పెడతారు. ఢిల్లీలో దాన్ని కాందిశీకులు అరగదీసి పిల్లల్ని పెంచుకున్నారు. వాటికి ఆ వెనక బాడీ మొదట కట్టింది ఏ మిస్త్రీ? ఆ ఇరుసు లెక్క ఎవరిది? ఫొటోల్లో బండి ఉంది, డ్రైవరు ఉన్నాడు, మిస్త్రీ లేడు.

ఇప్పుడు మన ఊళ్లకొద్దాం. తెలుగు నేలలో ఏ పట్నం బస్టాండు వెనక సందులోకి వెళ్లినా మెకానిక్ షెడ్లలో ముస్లిం పేర్లు ఎదురవుతాయి. ఇది దేవుడిచ్చిన వరమేం కాదు. దూదేకడం, కలాయి పూయడం, గుర్రాలకు లాడాలు కొట్టడం, జట్కా తోలడం, తాళాలు బాగుచేయడం మన ఊళ్లలో ముస్లింలు చేస్తూ వచ్చిన పనులు. జట్కా పోయి మోటారు వచ్చినప్పుడు చేతులు మోటారు మీదికి మళ్లాయి. 1948 సెప్టెంబరు పోలీసు చర్య తర్వాత హైదరాబాదు సంస్థానంలో సైన్యం, పోలీసు, దఫ్తర్లలో ఉద్యోగాలు పోగొట్టుకున్న కుటుంబాలు వేలల్లో ఉన్నాయి. చదువు భాష ఉర్దూ, దఫ్తరు భాష మారింది. భాష అడగని పని చేతిపని. 2006 నవంబరులో సమర్పించిన సచార్ కమిటీ నివేదిక దేశం మొత్తానికీ ఇలాంటి మాటే చెప్పింది. ముస్లింలు నెల జీతాల ఉద్యోగాల్లో తక్కువగా, సొంత చిన్న పనుల్లో ఎక్కువగా ఉన్నారని, అలా గుమిగూడిన పనుల్లో మోటారు వాహనాల మరమ్మతు ఒకటని.

"సాయిబు చెయ్యి పడితే బండి లేచి కూర్చుంటుంది" అని మన ఊళ్లలో మెచ్చుకుంటారు. మెచ్చుకునేవాళ్లలో చెడ్డవాళ్లు ఎవరూ లేరు. కానీ ఆ మెప్పులో ఒక చిక్కుంది. చెయ్యి మంచిదన్నవాళ్లు ఆ చేతికి డ్రాయింగు కాగితం ఎందుకు అందలేదని అడగరు. షాగిర్దుగా పదేళ్లకే పానాలు అందించడం మొదలుపెట్టిన పిల్లవాడు ఇంజనీరింగు కాలేజీ గేటు ఎందుకు దాటలేదని అడగరు. గుణాన్ని మెచ్చుకుని గతిని వదిలేస్తారు. అమెరికాలో హార్డీకి జరిగిందీ ఇలాంటిదే. ఆయన చెయ్యి గొప్పదని పని చేయించుకున్నవాళ్లందరికీ తెలుసు. పేరు రాయాల్సినచోట గుర్తురాలేదు.

వాట్స్ వేరు, మన వారాసిగూడా వేరు. బానిసత్వం దాటి వచ్చిన జనం చరిత్ర, ఒకప్పుడు కొందరు పాలకులూ ఎక్కువమంది కూలీలూ అయిన జనం చరిత్ర ఒకటి కావు. రెంటినీ కలిపి ఒకటే అనడం మాకు ఇష్టం లేదు. కానీ కంపెనీ వదిలేసిన ఇనుము పేదవాడి చేతికి రావడం, వాడు దాన్ని బతికించడం, అది అందమని తేలాక ఇంకొకడి పేరుతో అమ్ముడుపోవడం, ఈ మూడూ రెండుచోట్లా ఒకే వరసలో జరుగుతాయి. ఇవాళ మన నగరాల్లో పాత యెజ్డీలను, జావాలను, బుల్లెట్లను మెరిపించి గాజు తలుపుల షోరూముల్లో పెడుతున్నారు. దశాబ్దాలుగా వాటి ప్రాణం నిలబెట్టింది ఆ గాజు తలుపులు కాదు.

హార్డీ పేరు బయటపడటానికి ఏం జరిగిందో చూస్తే మనం చెయ్యాల్సింది తెలుస్తుంది. బస్తీలో గుర్తున్నవాళ్లు చెప్పారు. ఒక రచయిత వెళ్లి అడిగాడు. రేడియోవాళ్లు రికార్డు చేశారు. ఇంతే. ఆలస్యమైంది కాబట్టి హార్డీ నోటి నుంచి వినలేకపోయారు, వాస్ నోటి నుంచి మాత్రం విన్నారు.

మన ఊళ్లలోనూ మొదటితరం ఉస్తాదులు వెళ్లిపోతున్నారు. కవుల చరిత్రలు రాసుకున్నాం, నవాబుల చరిత్రలు రాసుకున్నాం, దర్గాల చరిత్రలు కొన్ని రాసుకున్నాం. గ్యారేజీల చరిత్ర రాయలేదు. పెద్ద గ్రంథాలేం అక్కర్లేదు. ఊరికొకరు నోటుబుక్కు పట్టుకుని వెళితే చాలు. నీ ఉస్తాదు ఎవరు? ఆయన ఉస్తాదు ఎవరు? మొదటి బండి ఏ కంపెనీది? దొరకని సామాను దేంతో చేసుకున్నావు? లేతు మిషను ఎవరిది, కిరాయి ఎంత? నీ దగ్గర నేర్చినవాళ్లలో ఏ కులంవాళ్లు, ఏ మతంవాళ్లు ఉన్నారు? నీ పిల్లల్ని ఈ పనిలో పెట్టావా, వద్దన్నావా, ఎందుకని? ఈ ప్రశ్నలకు వచ్చే జవాబుల్లో హిందూ ఉస్తాదులకు ముస్లిం షాగిర్దులు, ముస్లిం ఉస్తాదులకు వడ్రంగి, కమ్మరి, మాదిగ షాగిర్దులు తప్పకుండా తేలతారు. మత సామరస్యం గురించి సభల్లో చెప్పే మాటలకన్నా ఆ పేర్ల పట్టీ బలంగా ఉంటుంది.

ఆ పట్టీ మనం రాయకపోతే ఇంకెవరూ రాయరు. రాసేవాళ్లు ఎప్పుడో వచ్చినా, అప్పటికి చెప్పేవాళ్లు ఉండరు.